జౌతుంబు మావయ్య కోపం

మా మేనమామ జౌతుంబు పేరెత్తితే మా ఊళ్ళో ఎవరైనా ముందు నవ్వుతారు, తరవాతే మాట్లాడతారు. నేను మాత్రం నవ్వకుండా చెప్పగలను. ఆయన వల్ల నేను పడ్డ అవస్థ అలాంటిది. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. బక్కపలచటి మనిషి, చేతులు మోకాళ్ళ దాకా వేలాడేవి. పని అడవిలో తేనె తియ్యడం. ఏడాదిలో సగం నల్లరాతి గట్టు మీది చెట్లలో గడిపేవాడు, మిగతా సగం ఇంట్లో కూర్చుని మా అత్త సువజర చేత చీవాట్లు తినేవాడు. రెండు చోట్లా సుఖంగానే ఉండేవాడని నా అనుమానం.

"తేనెకని పోయినోడు తేనె తేవాలా వొద్దా?" అని అత్త అడిగేది. "ఖాళీ డబ్బా ఊపుకుంటా వచ్చి సింపూనలు కులాసాగా ఉన్నయ్యే అంటే, ఆ కులాసాని నేను పొయ్యి మీద పెట్టుకోనా?"

సింపూనలంటే మా కొండల్లో ఉండే తెల్ల లీమర్లు, కోతుల్లాంటివి. ఒళ్ళంతా పట్టులాంటి తెల్లటి బొచ్చు. మొహానికి మాత్రం బొచ్చుండదు, నలుపు మీద అక్కడక్కడ గులాబీ మచ్చలతో పెచ్చులూడిన గోడలా ఉంటుంది. చెట్టు మొదలు నుంచి చెట్టు మొదలుకు నిలువునా దూకుతూ పోతాయి. మా మావయ్య కుర్రతనంలో ఒకసారి తేనెపట్టు కోసం చెట్టెక్కి, పక్క చెట్టు మీద కూర్చున్న సింపూనను చూసి, దిగడం మరిచిపోయాడట. తేనెటీగలు కుట్టి కుట్టి మొహం గుమ్మడికాయంత అయ్యాక దిగాడట. అప్పటి నుంచి ఆయన మనసు అక్కడే ఉండిపోయింది.

ఆయన దగ్గర కూర్చుంటే చాలు, అవే కబుర్లు. మగ సింపూన చెట్టు బెరడును పళ్ళతో గీకి, గుండెలు దానికేసి రుద్ది వాసన అంటిస్తుందట. అందుకే మగదాని ఛాతీ మీద ఎప్పుడూ బెల్లం పాకం ఒలికినట్టు మరక ఉంటుందట. పెద్ద పెద్దవి కూడా నేల మీదికి దిగి, తిండి సంగతి మరిచిపోయి కుస్తీలు పడతాయట. రెండేళ్ళకో పిల్ల పుడుతుందట, ఆ ఒక్క పిల్లనూ గుంపంతా ఎత్తుకుని తిరుగుతుందట, తల్లి కాని ఆడవి కూడా పాలిస్తాయట. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైన కబురు వేరే ఉంది.

"పళ్ళున్న కొమ్మ మీద మగాడు కూర్చోనుంటాడు చూడు. ఆడది వస్తది. కొట్టదు, తిట్టదు, ఊరికే చూస్తది. అంతే, మగాడు నోటి దగ్గర పండు వొదిలేసి దిగిపోతాడు."

"కొట్టకుండా ఎట్టా చూడాలో ఆ చూపేదో నాకూ నేర్పించు," అనేది అత్త.

కింద కుక్క గాని, అడవిపిల్లి లాంటి ఫుసా గాని కనిపిస్తే సింపూనలు తుమ్మినట్టు "జుస్స్" అని అరుస్తాయి. మావయ్యకు ఆ తుమ్ము పట్టుబడింది. అడవిలో అయితే ఎవరికీ నష్టం లేదు. కానీ పన్ను వసూలుకు వచ్చే గుమాస్తా వీధి మలుపులో కనిపించినా జుస్స్ అనేవాడు. పెళ్ళిచూపుల్లో నా కాబోయే అత్తగారు గుమ్మంలో అడుగు పెట్టగానే జుస్స్ అన్నాడు. ఆ సంబంధం కుదిరిందంటే అది నా అదృష్టం గాని ఆయన గొప్ప కాదు.

ఒకసారి కెమెరాలు మెడలో వేసుకుని విదేశీయులు వచ్చారు. మడగాస్కర్‌లో ఈ ఈశాన్యపు మూల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సింపూనలు లేవనీ, ఉన్నవి కూడా మా అందాపా సంతకు వచ్చే జనమంత ఉండవనీ, బోనులో పెడితే బతకవనీ చెప్పారు. మావయ్య ఆ మాటలు ఇంటికి మోసుకొచ్చాడు. "నేనూ అంతే, బోనులో బతకను," అన్నాడు. "ఇది బోనైతే తలుపు తీసే ఉంది, పో," అంది అత్త.

ఇక సరలాజ సంగతి చెప్పాలి. మా మావయ్య వంశానికీ సరలాజ వంశానికీ తాతముత్తాతల నుంచి వేళాకోళపు వరస. మేము జివ అంటాం. ఆ వరస ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు, ఒకరింట్లో వస్తువు ఇంకొకరు చెప్పకుండా ఎత్తుకుపోవచ్చు. చావు ఇంట్లో ఏడ్చేది ఇంటివాళ్ళయితే శవాన్ని తిట్టేది ఈ వరసవాళ్ళు. ఆ తిట్లకు ఏడ్చేవాళ్ళకు నవ్వు రాకపోతే పోయినవాళ్ళకు మర్యాద జరగనట్టే లెక్క. ఒక్కటే కట్టుబాటు, కోపం రాకూడదు. కోపం వచ్చినవాడు ఓడిపోయినట్టు. అవతలివాడు ఏది అడిగితే అది ఇచ్చుకోవాలి. పైగా ఆ తరవాతి పంట ఇంటికి వచ్చేదాకా ఇద్దరూ వేళాకోళం మానేసి, ముక్కూమొహం తెలియని వాళ్ళలా మర్యాదగా మాట్లాడుకోవాలి. మా అమ్మమ్మ కాలంలో ఎవడో కోపం తెచ్చుకుని కొమ్ములు తిరిగిన ఎద్దుల జత పోగొట్టుకున్నాడని చెప్పుకుంటారు. వాడి మనవళ్ళను ఇప్పటికీ ఎద్దుల్లేనోళ్ళు అంటారు.

సరలాజ మా మావయ్యకు పూర్తిగా వ్యతిరేకం. ఇంత పొట్ట, అంత గొంతు. నవ్వితే కూర్చున్న బల్ల కూడా కదిలేది. మావయ్య టోపీ ఎత్తుకుపోయి ఏడాది పాటు దర్జాగా పెట్టుకు తిరిగాడు. మావయ్య ఊరుకోక, సరలాజ పొయ్యి మీద ఉడుకుతున్న కోడికూరను కుండతో సహా తన ఇంటికి తెచ్చేశాడు. సరలాజ వెనకే వచ్చి, మాతో పాటు కూర్చుని తన కూర తనే తిని, ఉప్పు తక్కువైందని అత్తను తిట్టి పోయాడు. ఇలా ఉండేది వాళ్ళ వ్యవహారం.

"మీ వొంశంలో అందరికీ తోకలుండేయంట గదా బావా," అనేవాడు సరలాజ, కాఫీ కొట్టు ముందు నలుగురూ ఉండగా.

"ఉండేయి. మీ వోళ్ళకి అదీ లేదు, ఏట్లో పడితే పట్టుకుని లాగడానికి," అనేవాడు మావయ్య.

రోజు మొత్తంలో ఆ ఇద్దరికీ అదే అసలైన భోజనం. ఒకడు జ్వరంతో పడుకుంటే రెండోవాడు గుమ్మంలో నిలబడి తిట్టి వెళ్ళేవాడు, మందు వేసి వెళ్ళినట్టు.

ఆ ఏడు తుఫాను వచ్చింది. లుకుహు ఏరు పొంగి సరలాజ పల్లపు పొలం నిండా ఇసక పోసి పోయింది. నడుములోతు ఇసక. ఎత్తి పోయడం ఒక్క ఏడాదితో తెమిలే పని కాదు. కొడుకులు, కోడళ్ళు, మనవలు కలిసి పెద్ద సంసారం. సరలాజ కాఫీ కొట్టు దగ్గర కూర్చుని, "నీ నల్లరాతి గట్టు తగలబెట్టి పోడు వరి జల్లుతా బావా. నీ తెల్లకోతులు పొగకి నల్లబడతయ్యి, అప్పుడు గాని నీ పోలిక సరిగ్గా రాదు," అన్నాడు.

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ మావయ్య నవ్వాడు. వర్షాలు తగ్గినా, చలికాలం వచ్చినా, ఎప్పుడు కలిసినా సరలాజ అదే మాట అనేవాడు, మావయ్య అలాగే నవ్వేవాడు. "జల్లు జల్లు, మొలిచిన వరికి కూడా నీ పొట్టే వస్తది," అనేవాడు. మా వాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ ఇలాంటి పొరపాటు చెయ్యరు. మనిషి ఎదురుగా నిలబడి నీ కొంప ముంచుతానని రోజూ చెప్తున్నా, వరసైనవాడు కదా, వేళాకోళం అనుకున్నాడు.

వెనిల్లా పూత మొదలయింది. ఆ పువ్వు ఒక్క పొద్దే విచ్చుకుంటుంది, ఎండ ముదిరేలోపు ముల్లుతో ఒక్కొక్కదానికీ పుప్పొడి అంటించాలి. తల ఎత్తడానికి కూడా తీరిక ఉండని పని. నేను ఆ పనిలో ఉండగా మావయ్య రొప్పుకుంటూ వచ్చి తోట మధ్యలో చతికిలబడ్డాడు.

"నరికాడమ్మాయ్. గట్టు మీద పొదలన్నీ నరికేశాడు. ఎండబెట్టాడు. వాడు నిజంగానే అన్నాడు."

"ఎవరు?"

"సరలాజ. ఇన్నాళ్ళూ నిజమే చెప్తన్నాడు. నేనేమో పళ్ళికిలించుకుంటా కూర్చున్నా."

ముల్లు పక్కన పెట్టి ఆయనతో పాటు ఎక్కాను. నిజమే. గట్టు వాలంతా చిన్న చెట్లు, పొదలు నరికి పరిచి ఉన్నాయి. పెద్ద కొండ అడవికీ ఈ గట్టుకూ మధ్య సన్నటి మెడలా ఒక చెట్ల వరస ఉంది. దాని మొదట్లో కూడా నరికారు. అది కాలిపోతే గట్టు మీది సింపూనలకు అటు పోయే దారి ఉండదు. అవి బట్టబయలు నేల దాటడానికి జంకుతాయి. సర్కారు కాపలా ఉన్న అడవి ఆ మెడకు అవతల. ఇవతలి గట్టు ఊరిది. ఊరి పెద్దలు సరలాజ సంసారం చూసి సరే అన్నారు. ఎవరి తప్పని చెప్పను?

మావయ్య పైకి చూపించాడు. కొమ్మ పంగలో ఆడ సింపూన కూర్చుని ఉంది. దాని వీపు మీద తెల్లటి ముద్దకు రెండు కళ్ళు. "చలికాలంలో పుట్టింది. ఇంకా వీపు దిగలా," అన్నాడు. 

ఆ సాయంత్రమే సరలాజ ఇంటికి వెళ్ళాడు, బతిమాలడానికి. వెనకే నేనూ వెళ్ళాను. అక్కడే అసలు చిక్కు మొదలయింది. వేళాకోళపు వరసవాడి దగ్గర ఏం మాట్లాడినా వేళాకోళమే.

"నిజంగా చెప్తన్నా బావా, గట్టు తగలబెట్టబాక," అన్నాడు మావయ్య.

"నిజంగా అంట, వినండర్రా," అన్నాడు సరలాజ. పక్కిళ్ళ వాళ్ళు కూడా పనులు వదిలేసి వచ్చి చుట్టూ చేరారు.

"అవి ఇంకెక్కడా లేవంట. పోతే పోయినట్టే."

"నీలాంటోడు కూడా ఇంకెక్కడా లేడు బావా. నువ్వు పోతే ఎట్టా అని మేం దిగులు పడతన్నామా?"

 మావయ్య కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. నిజం నీళ్ళు, గడ్డం మీదుగా కారాయి. అది చూసి సరలాజ నోరు వెళ్ళబెట్టాడు. ఇంత గొప్ప ఎత్తు ఎవరూ వెయ్యలేదని ఒప్పుకుని, తను కూడా తల బాదుకుంటూ ఏడవడం మొదలుపెట్టాడు. కోడలి కొంగు లాక్కుని ముక్కు చీదాడు. జనం పొట్టలు పట్టుకుని నేల మీద దొర్లారు. ఇలాంటి ఆట చూసి చాలా కాలమైందని ఒక ముసలమ్మ మావయ్య చేతిలో అరటిపళ్ళు పెట్టి దీవించింది. ఆ పళ్ళు పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. నేనూ ఆ వంశం ఆడపడుచు బిడ్డనే కాబట్టి కోపం తెచ్చుకునే వీలు లేదు. పళ్ళు బిగబట్టి మింగేశాను. ఇచ్చుకోవడానికి నా దగ్గర ఎద్దులు లేవు. అప్పుడు నా చూపు వాళ్ళ పొయ్యి మీద పడింది. కుండలో కర్రపెండలం ముక్కలు తప్ప ఏమీ లేవు. మా వైపు వరి అన్నం లేని పూటను పూటగా లెక్కపెట్టరు. ఆ ఇంట్లో అలాంటి పూటలు ఎన్నాళ్ళ నుంచో నడుస్తున్నాయని అర్థమైంది. నేను చూడటం సరలాజ చూశాడు.

"ఏం చూస్తన్నావమ్మాయ్? డాక్టరు నన్ను సన్నబడమన్నాడు," అన్నాడు పొట్ట నిమురుకుంటూ. అందరూ మళ్ళీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ పోయింది.

నిప్పు పెట్టే రోజు పెద్దలు ఖాయం చేశారు. ఆ రోజు పొద్దున్నే మా అత్త ఊరి మధ్యలో నిలబడి, "మా ఆయన పోయాడు. వరసైనవాళ్ళు వచ్చి తిట్టాల్సినవి తిట్టండి," అని చెప్పింది. ఏడవలేదు. గట్టు మీద నరికిన వాలుకీ నిలబడి ఉన్న అడవికీ మధ్య, తెల్ల దుప్పటి మెడ దాకా కప్పుకుని మావయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. శవాన్ని పూడ్చేదాకా పొలంలో కత్తి గాని నిప్పు గాని కదలకూడదు. అది ఆయన ఎత్తుగడ. నాలుగు రోజులు చచ్చి ఉంటే వాన వస్తుంది, తడిసిన కొమ్మలు కాలవు, ఈ ఏడాదికి గండం గడుస్తుంది.

"దీనికి నువ్వెట్టా ఒప్పుకున్నావత్తా?" అని అడిగాను.

"గురక లేకుండా పడుకుంటానన్నాడు. అదెట్టా ఉంటదో చూద్దామని," అంది.

ఊరంతా కొండెక్కింది. పిల్లల్ని, కుక్కల్ని, చెరకు కల్లు కుండల్ని కూడా తెచ్చుకున్నారు. సరలాజ చేతిలో నిప్పు పెట్టడానికి తెచ్చిన కాగడా ఉంది. శవాన్ని చూసి దాన్ని కొడుకు చేతికిచ్చి, చేతులు దులుపుకుని ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఎంతైనా ఇలాంటి అవకాశం మనిషికి జీవితంలో ఒక్కసారి వస్తుంది.

"ఇది శవమా, ఎండిన అరటి బోదె తెచ్చి పడేశారా?" అని మొదలుపెట్టాడు. "సరిగ్గా చూడండయ్యా, తీరా పూడ్చినాక మొలకెత్తిందంటే మళ్ళీ ఇంకో జౌతుంబుని భరించాల. వీడు పుట్టినప్పుడు మంత్రసాని కాళ్ళు చేతులు సరిచూసి, తోక ఎక్కడ పడిపోయిందని మంచం కింద వెతికిందంట. బతికినన్నాళ్ళూ పని చెయ్యలా. ఇప్పుడు చచ్చి నా పనికి అడ్డం పడుకున్నాడు. సువజరా, ఏడవ్వేం?"

"చచ్చిందీ లేందీ తేలనీ. ముందే ఏడిస్తే గొంతు దండగ," అంది అత్త.

దుప్పటి కింద మావయ్య పొట్ట కదులుతోంది. నవ్వు ఆపుకోవడానికి ఆయన పడే అవస్థ నాకు కనిపిస్తూనే ఉంది. సరలాజ కొడుకులు నిజంగానే గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. సాయంత్రం లోపు పూడ్చేస్తే నిప్పు పెట్టుకోవచ్చు కదా. వాళ్ళూ తెలివైనవాళ్ళే.

అంతలో పైనుంచి "జుస్స్" అని వినిపించింది. కుక్కల్ని చూసి సింపూనలు బెదిరాయి. ఆడది కొమ్మ పంగలో ఒదిగి కూర్చుని, కిందికి చూస్తూ మళ్ళీ మళ్ళీ తుమ్ముతోంది. వీపు మీది పిల్ల మొహం దాని మెడలో దాచేసుకుంది. జనం పకపకా నవ్వారు. మావయ్య శవమై కూడా తుమ్ముతున్నాడని ఎవరో అన్నారు.

"ఇదిగో, చుట్టాలు కూడా వచ్చారు," అన్నాడు సరలాజ. "పాపం, మా బావని ఒంటరిగా ఎట్టా పంపుతాం? ఆ పిల్లకోతిని కూడా కిందికి లాక్కొచ్చి గోతిలో పక్కన పండబెట్టండి. దారిలో కబుర్లు చెప్పుకుంటా పోతారు."

సరలాజ రెండో కొడుకు వినోదానికి ఒక మట్టిబెడ్డ తీసి పైకి విసిరాడు. అది కొమ్మకు తగిలి పగిలింది. మావయ్య లేచి కూర్చున్నాడు.

"నాకు కోపం వచ్చింది," అన్నాడు.

అరవలేదు. మామూలుగా, వాన వచ్చేట్టుంది అన్నట్టు అన్నాడు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"శవానికి కోపమేంది బావా, పడుకో," అన్నాడు సరలాజ.

"నేను చావలా. నాకు కోపం వచ్చింది. పెద్దలున్నారు, వినండి. సరలాజ మీద నాకు నిజంగా కోపం వచ్చింది."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా అమ్మమ్మ కాలం తరవాత ఆ మాట మా ఊళ్ళో ఎవరూ అనలేదు.  సరలాజ గబగబా వచ్చి మావయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. మెల్లకళ్ళు పెట్టాడు, పెదవులు విరిచాడు, డొక్కలో వేలు పెట్టి గిలిగింతలు పెట్టాడు. మావయ్య కదల్లేదు.

"ఒరే, ఆ మాట వెనక్కి తీసుకోరా," అన్నాడు సరలాజ గొంతు తగ్గించి. "ఎవరన్నా ఇట్టా అంటారంట్రా? ఎద్దుల్లేనోళ్ళ కథ మర్చిపోయావా? వెనక్కి తీసుకో. ఎవరూ విన్లేదనుకుందాం."

"తీసుకోను."

"కోతుల కోసమా?"

"నీకు వేరేగా ఎట్టా చెప్పాల్రా? నవ్వుతా చెప్పా, ఏడుస్తా చెప్పా, చచ్చి చెప్పా. ఇంక నా దగ్గర మిగిలింది ఇదే. గట్టు మీద నిప్పు పెట్టబాక. దానికి బదులు ఏం కావాల్నో అడుగు."

ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు. "జౌతుంబూ, కోపం తెచ్చుకున్నోడు ఇది అడుగు, అది అడగబాక అనడానికి లేదు. అడిగేది సరలాజ. ఏదైనా అడగొచ్చు. గట్టే అడగొచ్చు. అడిగితే నువ్వు నోరు మూసుకుని పక్కకి జరగాల్సిందే."

మావయ్య ఆ మాట ముందు ఆలోచించలేదని ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది.  నా పక్కనున్న అత్త ఎప్పుడు పట్టుకుందో, నా మణికట్టు మీద ఆమె గోళ్ళు దిగాయి. ఒక్క మాట చాలు. గట్టు కావాలంటాడు, కాగడా అందుకుంటాడు, అయిపోతుంది. ఆయన సంసారం కర్రపెండలం తింటోంది. అడిగినా ఎవరూ తప్పు పట్టలేరు.

సరలాజ కొడుకు చేతిలో కాగడా చూశాడు. కోడళ్ళ వైపు చూశాడు. తల ఎత్తి, కొమ్మ మీద ఉన్నదాన్ని చాలాసేపు చూశాడు. దాన్ని అంత తీరిగ్గా చూడటం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను. అది కూడా ఆయన్నే చూస్తోంది.

"మీ ఏటి పక్క మడి," అన్నాడు చివరికి. "నా పొలంలో ఇసక పోయేదాకా దాన్ని నేను చేసుకుంటా."

"తీసుకో," అన్నాడు మావయ్య వెంటనే.

"గట్టు నాకొద్దు. ఎక్కలేక చస్తన్నా," అన్నాడు సరలాజ. ఎవరూ నవ్వలేదు. అది ఆ ఏడాదికి ఆయన వేసిన ఆఖరి వేళాకోళం.

ఏటి పక్క మడి అంటే మా అత్త కంచంలో అన్నం. ఊళ్ళో అంతకంటే మంచి తడి నేల లేదు, వాళ్ళకు అది తప్ప ఇంకో నేలా లేదు.   ఇంటికి చేరాక అత్త కుండ దించి, తన ముందు అరిటాకు వేసుకుని, తనకు మాత్రమే వడ్డించుకుని తినడం మొదలుపెట్టింది.

"మరి నాకు?" అన్నాడు మావయ్య.

ఆమె తల ఎత్తి ఊరికే చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. మావయ్య లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె తిన్నాక కుండలో మిగిలింది ఆయన్ని పిలిచి పెట్టిందనుకోండి. కానీ ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమెదే ముందు పంక్తి.

తరవాతి నెలలు ఊరికి నరకం. నా మాట నమ్మండి. కాఫీ కొట్టు ముందు సరలాజ, మావయ్య ఎదురుపడితే అందరం చూపులు తిప్పుకునేవాళ్ళం.

"నమస్కారం జౌతుంబు గారూ. ఇంట్లో అంతా కులాసానా?"

"మీ దయ వల్ల కులాసాయే సరలాజ గారూ. తమ మోకాలి నొప్పి తగ్గిందా?"

"తగ్గిందండీ. శ్రమ తీసుకుని అడిగారు, సంతోషం."

అంతే. ఇద్దరూ చెరో వైపు చూస్తూ కాఫీ తాగేవారు. వినేవాళ్ళకు కాఫీ గొంతు దిగేది కాదు. కొట్టువాడు వ్యాపారం పోతోందని వాళ్ళను వేరు వేరు వేళల్లో రమ్మని బతిమాలాడు. సరలాజ మావయ్య మడిలో దిగి నాట్లు వేయించాడు, కలుపు తీయించాడు. మావయ్య ఆ మడి గట్టు మీదుగానే అడవికి పోయేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ ఏడాదే ఆయన డబ్బా నిండా తేనె తెచ్చింది. దాన్ని అమ్మి బియ్యం కొనాలి కదా. అది చాలక కర్రపెండలం ఉడకేసేవాళ్ళు.

మనిషి మాత్రం చిక్కిపోయాడు. నేను తిండి లేకనే అనుకున్నాను. ఒకరోజు మా ఇంట్లో మిగిలిన అన్నం, ఆకుకూర మూట కట్టుకుని వెళ్ళాను. ముట్టుకోలేదు.

"మడి పోయిందని దిగులా మావయ్యా?"

"మడి పోతే పోయిందమ్మాయ్," అన్నాడు. "వాడు నన్ను గారూ అంటన్నాడు."

ఇంకేం చెప్పను? ఊళ్ళోవాళ్ళం ఎవరం తిట్టినా ఆయనకు సరిపోదు. కాసేపటికి తనే తేరుకుని గట్టు కబుర్లు చెప్పాడు. పిల్ల తల్లి వీపు దిగిందట. ఇప్పుడు నేల మీదికొచ్చి తండ్రి తోక పట్టుకుని లాగుతోందట. వాడు పాపం ఏమీ అనడట. మొన్న మెడ దాటి పెద్ద కొండ అడవికి పోయి, వాళ్ళంతా పళ్ళు తినొచ్చారట. ఆ ఒక్క సంగతి చెప్పేటప్పుడే ఆయన మొహంలో ప్రాణం కనిపించింది.

పంట పండింది. ఆఖరి పన కోసి, నూర్చి, మూటలు కట్టారు. ఇక పంట ఇల్లు చేరితే మర్యాదల గడువు తీరినట్టే. ఆ సాయంత్రం మావయ్య అరుగు మీద కూర్చుని తేనె డబ్బాకు మూత బిగిస్తున్నాడు. అత్త లోపల కర్రపెండలం చెక్కు తీస్తోంది, నేను పక్కనే కూర్చున్నాను. సరలాజ నెత్తిన వడ్ల మూటతో వీధిలోకి వచ్చాడు. నేరుగా మావయ్య గుమ్మం ముందు ఆగాడు. మూట దించలేదు. ఎదురింటివాళ్ళు కొట్టువాడిని పిలిచారు, కొట్టువాడు ఇంకెవరినో పిలిచాడు. మావయ్య మర్యాదగా లేచి నిలబడ్డాడు.

సరలాజ ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. ఎంతసేపు చూశాడంటే, తిట్టడం మర్చిపోయాడేమోనని నాకు భయమేసింది.

"ఏం మడిరా అది, దరిద్రుడా," అన్నాడు. "జలగలు కూడా నీలాగే ఉన్నయ్యి. సోమరివి. పట్టుకోవడం కూడా చేతగాక, కాలెక్కించమని నన్నే అడిగినయ్యి. మీ తాత ఏం పెట్టి పెంచాడ్రా వాటిని?"

 అలవాటు తప్పింది కదా, మావయ్యకు మాట వెంటనే అందలేదు.  కళ్ళు తుడుచుకుని అన్నాడు: "నీ పొట్ట చూసి అవి గేదె అనుకున్నయ్యి బావా. తప్పు వాటిది కాదు."

సరలాజ నవ్వాడు. నెత్తిన మూట ఊగి, నాలుగు గింజలు గుమ్మం ముందు రాలాయి. వంగి ఆ నాలుగూ ఏరుకుని మళ్ళీ మూటలో వేసుకుని, వెళ్ళిపోయాడు. పిడికెడు వడ్లయినా పెట్టి పోతాడేమోనని నేను చూశాను. గింజ ఇవ్వలేదు.

మావయ్య లోపలికొచ్చి ఆకు వేసుకుని కూర్చున్నాడు. వంతు కాకపోయినా ఆ పూట అత్త ఏమీ అనలేదు. ఉప్పు లేని కర్రపెండలం మూడు సార్లు పెట్టించుకుని తిన్నాడు.